చిట్టియ్య బార

సంగాడి చిట్టియ్య పొట్టి మనిషి. తాళ్ళరేవులో ఎవర్ని అడిగినా ముందు ఆ మాట చెప్పి, వెంటనే "గొంతు మాత్రం తాటిచెట్టంత" అని కలిపేవారు. కలపక తప్పదు. కోరంగి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర చిన్న పడవలో నిలబడి ఆయన "బారా పావూ" అని కేకేస్తే, అరమైలు వెనకాల వస్తున్న దోనె మీద చుక్కాని పట్టుకున్న సరంగుకి చెవిలో చెప్పినట్టు వినపడేది.

ఆయన పని అదే. ఏటి ఒడ్డున వడ్రంగులు కట్టిన దోనె, అంటే తెరచాప వేసుకుపోయే పెద్ద చెక్క ఓడ, ఎంత గొప్పదైనా సముద్రం మొహం చూడాలంటే ముందు మొగ దాటాలి. మొగలో ఇసుక మేట ఉంది. ఆ మేట మీద ఏ రోజు, ఏ పోటుకి ఎంత నీరు నిలుస్తుందో చెప్పే మనిషి ఒకడు కావాలి. చిట్టియ్య తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ముప్ఫై ఏళ్ళ పైబడి చిట్టియ్య చెబుతున్నాడు. మూడు తరాల్లో ఆ ఇంటి మాట మీద బయల్దేరిన దోనె ఒక్కదానికీ ఇసుక తగల్లేదు. ఆయన ఆ సంగతి చెప్పుకున్నప్పుడల్లా భార్య బుల్లెమ్మ పొయ్యి దగ్గర్నుంచే, "ఏట్లో మాట ఏట్లోనే. ఇంట్లో చెప్పిన మాట ఒక్కటీ తేలలేదు" అనేది.

ఆ పనికి కావలసిన సరంజామా రెండే వస్తువులు. ఒకటి శేరు గిన్నెంత సీసం గుండు. రెండోది దానికి కట్టిన తాడు. రెండు చేతులూ బారుగా చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఉండే పొడవు ఒక బార. బారకొక ముడి, అరబారకి ఎర్రగుడ్డ పీలిక, పావుబారకి తోలు ముక్క. చీకట్లోనైనా వేళ్ళతో తడిమి లోతు చెప్పొచ్చు. గుండు అడుగున చిన్న గుంట ఉండేది. అందులో బట్టల సబ్బు మెత్తి నీళ్ళలోకి వదిలితే, అడుగునున్న మన్ను దానికి అంటుకుని పైకొచ్చేది. చిట్టియ్య దాన్ని బొటనవేలితో నలిపి వాసన చూసి, "ఇది గౌతమి ఒండ్రు, మెత్తన. ఇక్కడ తగిలినా పర్లేదు" అనో, "ఇది తిప్ప ఇసుక, రాయిలాంటిది, దూరంగా పదండి" అనో చెప్పేవాడు.

ఇక పోటు సంగతి ఆయనకి పంచాంగంలో ఉండేది. పున్నమికీ అమావాస్యకీ పొద్దున్న తొమ్మిది గంటల వేళకి పోటు నిండుతుంది. అక్కణ్ణుంచి తిథికి రెండు గడియలు ఆలస్యం. చేతికి గడియారం లేని మనిషి, అయిదో పదో నిమిషాల తేడాలో చెప్పేవాడు.

ఊళ్ళో హైస్కూలుకి ప్రసన్నకుమారి అనే సోషల్ టీచరు బదిలీ మీద వచ్చింది. సామర్లకోట ఆవిడ, బాప్టిస్టు కుటుంబం, ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పాఠాల్లో ఎక్కడెక్కడివో అఖాతాలు ఉన్నాయి గాని, స్కూలు డాబా ఎక్కితే కనపడే కాకినాడ అఖాతం గురించి ఒక్క ముక్క లేదని ఆవిడకి వెలితి. ఎవరో చిట్టియ్య పేరు చెప్పారు. అప్పట్నుంచి ప్రతి శనివారం ఒంటిపూట బడి అయ్యాక పొడుగాటి నోటుబుక్కు చంకన పెట్టుకుని వాళ్ళింటికి వచ్చేది. వాకిట్లో పాత టేకు దూలం ఒకటి పడుంటే దాని మీద కూర్చునేది. ఆ దూలంలో రెండు రాగి మేకులు పైకి పొడుచుకుని ఉండేవి. రెండు మూడుసార్లు ఆవిడ చీర పట్టింది.

"ఆ మేకులు పీకించవయ్యా, టీచరమ్మ గారి చీరలన్నీ చిల్లులు పడుతున్నాయి" అనేది బుల్లెమ్మ.

"పీకుతాలే" అనేవాడు చిట్టియ్య. అది కూడా ఇంట్లో చెప్పిన మాటే.

ఆయన చెబుతుంటే టీచరమ్మ రాసుకునేది.

"హోప్ దీవి అంటారు గాని అది దీవి కాదండి. గోదారి తెచ్చి పోసిన ఇసుక. గౌతమి సముద్రంలో పడేచోట ఇసుక దింపుతుంది. సముద్రం ఒప్పుకోక దాన్ని ఉత్తరంగా నెడుతుంది. అట్లా నెట్టగా నెట్టగా రెండొందల ఏళ్ళలో పెద్ద ఇసుక గోడ లేచింది. దాని లోపలున్న నీళ్ళే మన బే. బయట సముద్రం గంగవెర్రులెత్తుతుంటే లోపల పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది."

"అందుకేనా ఓడలన్నీ ఇక్కడికి వచ్చేవి?"

"ఆయ్. తల దాచుకోటానికండి. ఇంగ్లీషోళ్ళు కోరంగిలో, ఫ్రెంచోళ్ళు యానాంలో, డచ్చోళ్ళు జగన్నాథపురంలో. మూడు జెండాలు, ఒకటే నీళ్ళు. వాళ్ళ యుద్ధం ఓడలు చిల్లులు పడితే కోరంగి వచ్చి మరమ్మతు చేయించుకునేవట. మనోళ్ళే వడ్రంగులు. ఇక్కడి దోనెలు రంగూను దాకా పోయేవి. అక్కడ తెలుగువాడు కనపడితే ఊరి పేరు అడక్కుండా కోరంగీ అని పిలిచేసేవారు. తరవాత పెద్ద ఉప్పెన వచ్చి ఊరు ఊరంతా ఊడ్చుకుపోయింది. రేవు కాస్తా కాకినాడ పోయింది. మనకి దోనెలు కట్టడం మిగిలింది."

ఆయనకి చాలా ఇష్టమైన కథ ఇంకొకటి ఉండేది. తాతకి వాళ్ళ తాత చెప్పిందట. ఒక తెల్లదొర యుద్ధం ఓడ మొగలో ఇసుక మీద కూర్చుండిపోయింది. నావికులకి బుర్ర చెడినట్టుంది, డోలు కొట్టుకుంటూ వందమంది ఓడ మీద ఇటుపక్కనుంచి అటుపక్కకి, అటుపక్కనుంచి ఇటుపక్కకి పరిగెత్తడం మొదలుపెట్టారు. ఊరంతా ఒడ్డున చేరి పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇది చెప్పినప్పుడు చిట్టియ్య లేచి, పంచె ఎగ్గట్టి, వాకిట్లో అటూ ఇటూ పరిగెత్తి చూపించేవాడు. బుల్లెమ్మ వందోసారి కూడా నవ్వేది.

"ఎందుకు పరిగెత్తారంటారు?" అని టీచరమ్మ ఒకసారి అడిగింది.

"కల్లు ఎక్కువై ఉంటుందండి. తాటితోపులు దగ్గరే కదా" అన్నాడు చిట్టియ్య.

ఆవిడ రాసుకుని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంది.

టీచరమ్మ ఈ ఊరు రాకముందు, తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది కదా. ఆ రాత్రి చిట్టియ్య ఇల్లు సగం కూలింది. టేకు దూలం వాకిట్లోకి వచ్చి పడింది అప్పుడే. చూరులో వేలాడదీసిన తాడు ఎటు పోయిందో తెలీలేదు. తండ్రి చేతి తాడు అది. మైనం, తారు పట్టించి ఇనప చువ్వలా తయారుచేసింది. సీసం గుండు మాత్రం ఎక్కడికీ పోలేదు, బురదలో అక్కడే దొరికింది. చిట్టియ్య కాకినాడ వెళ్ళి మంచి నైలాను తాడు కొని తెచ్చుకున్నాడు. వాకిట్లో నిలబడి, రెండు చేతులూ బారుగా చాపి, బారకొక ముడి వేసుకున్నాడు. ఎర్రగుడ్డ కట్టాడు, తోలు ముక్కలు కట్టాడు. పడవేసుకుని మొగలోకి వెళ్ళి గుండు వదిలాడు.

వదిలి, ఆశ్చర్యపోయాడు. ఏనాడూ బారా పావు దాటని చోట ఇప్పుడు దగ్గర దగ్గర బారన్నర ఉంది.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన సంబరం చూడాలి. "తుఫాను మనకి కొంపలు కూల్చింది గాని మొగ తవ్వి పెట్టింది. మేట కొట్టుకుపోయింది" అని చెప్పాడు. వలలవాళ్ళు ఒప్పుకోలేదు. ఇసుక పెరిగిందే గాని తరగలేదన్నారు. చిట్టియ్య తాడు తీసి చూపించాడు. "నీ కళ్ళు చెప్పేది వినాలా, మూడు తరాల గుండు చెప్పేది వినాలా?" అన్నాడు. గుండుకి ఎవడు ఎదురు చెబుతాడు? తరవాత ఊళ్ళోకి వచ్చిన టీచరమ్మ కూడా నోటుబుక్కులో శుభ్రంగా రాసుకుంది: తొంభై ఆరు తుఫాను తరవాత కోరంగి మొగ లోతు పెరిగింది.

రెండేళ్ళు గడిచాయి. ఈ రెండేళ్ళలో మొగ దాటినవన్నీ చేపల పడవలే. మోకాలి లోతున్నా పోయేవి. పెద్ద దోనె కట్టినవాళ్ళు లేరు. కర్ర దొరకడం కష్టమైంది. సరుకులు లారీలెక్కాయి. వడ్రంగులు రావులపాలెం వెళ్ళి తలుపులు, కిటికీలు చేసుకుంటున్నారు. ఆ మధ్యలోనే, తొంభై ఏడులో, దొరబాబు పూనుకున్నాడు. వాళ్ళ నాన్న, తాత దోనెలు కట్టించినవాళ్ళే. "ఒక్కటి కట్టి వదులుతా. తరవాత కడతానో కట్టనో" అన్నాడు. పదహారు నెలలు పట్టింది. తల్లి పేరు పెట్టాడు, సీతారామలక్ష్మి అని.

తొంభై తొమ్మిది జనవరిలో, మాఘ పౌర్ణమికి వారం ముందు, దొరబాబు చిట్టియ్య ఇంటికి వచ్చాడు.

"బాబాయ్, ఒక మాట అడగాలి. దోనె అడుగున నిలకడకి ఇసుక బస్తాలు వెయ్యాలి కదా. నాన్న అయితే ఖాళీ దోనె మొగ దాటించి, బేలోకి వెళ్ళాక బస్తాలు నాటు పడవల మీద మోయించేవాడు. నాలుగు రోజుల చాకిరీ. మొగ లోతుగా ఉందంటున్నావు కదా, ఇక్కడే వేసేస్తే ఏం?"

చిట్టియ్య తాడు, గుండు తీసుకున్నాడు. మూడు రోజులు వరసగా పోటుకి వెళ్ళి గుండు వేశాడు, నీరు తీసే పాటుకి వెళ్ళి వేశాడు. లెక్క కట్టాడు. ఇసుకతో ఉన్న పెద్ద దోనె దాటాలంటే బారన్నర కావాలని తాత నాటి మాట. పున్నమి పోటుకి బారన్నర మీద నాలుగు వేళ్ళు వస్తుంది.

"వేసెయ్ రా" అన్నాడు. "నా మాట మీద వేసెయ్."

పున్నమి ఆదివారం పడింది. తాళ్ళరేవులో కొత్త దోనెని సాగనంపడం అంటే ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టే. ఆడవాళ్ళు సారె పెట్టారు. కాజాలు, అరిసెలు, రెండు అరటిగెలలు, పసుపు, కుంకుమ, సరంగుకి కొత్త పంచె. దోనె ముక్కుకి పసుపు రాశారు. తొమ్మిదింటికి చిట్టియ్య చిన్న పడవలో ముందు, రెండు ఇంజను బోట్ల లాగుడు మీద సీతారామలక్ష్మి వెనక, ఆ వెనక ఊరు ఊరంతా ఏ పడవ దొరికితే ఆ పడవలో. మడచెట్ల మధ్య ఏరు నిండుగా ఉంది.

చిట్టియ్య గుండు వేశాడు. "బారన్నరా నాలుగు వేళ్ళూ" అని కేకేశాడు. ఇంకోసారి వేశాడు. "బారన్నరా" అని కేకేశాడు.

ఆ కేక ఇంకా గాలిలో ఉండగానే వెనకనుంచి, బియ్యం బస్తా ఈడ్చినట్టు, పొడుగ్గా ఒక చప్పుడు వచ్చింది. లాగుడు తాళ్ళు బిగిసి ఒకటి ఫట్మని తెగింది. సీతారామలక్ష్మి ఆగిపోయింది.

సరంగు దోనె ముక్కు దగ్గరికి వచ్చి కిందకి చూశాడు. నాగపట్నం వైపువాడు, తెలుగు కొంచెం ముక్కుతో మాట్లాడేవాడు.

"పెద్దాయనా, ఎంత ఉందన్నావు?"

చిట్టియ్య మళ్ళీ గుండు వేశాడు. చేతివేళ్ళకి ఎర్రగుడ్డ తగిలింది. "బారన్నర" అన్నాడు, ఈసారి కేకెయ్యకుండా.

"నీ తాడు నిజమైతే నా దోనె అబద్ధమా?" అన్నాడు సరంగు.

పోటు నిండి, తిరిగింది. పాటు మొదలైంది. పదకొండింటికి దోనె ఒక పక్కకి ఒరిగింది. సారె గిన్నెలోంచి కాజాలు దొర్లి నీళ్ళలో పడ్డాయి. దొరబాబు ఒంగి మిగిలినవి ఏరి గిన్నెలో వేశాడు. అదే చిట్టియ్యకి ఎక్కువ బాధ కలిగించింది. ఇసుక మీద పడుకున్న దోనె ఎన్నాళ్ళు ఆగుతుందో ఇద్దరికీ తెలుసు. విదియ పోటు పున్నమి పోటుకన్నా కాస్త పెద్దది. విదియ దాటితే నీళ్ళు తగ్గుతూ పోతాయి. మళ్ళీ అమావాస్య దాకా దిక్కులేదు. ఈలోగా తూరుపు గాలి నాలుగు రోజులు గట్టిగా కొడితే పదహారు నెలల పని పలకలు పలకలుగా ఒడ్డుకొస్తుంది. చేతిలో ఉన్నది రెండు రోజులు.

చిట్టియ్య ఇంటికొచ్చి వాకిట్లో దూలం మీద కూర్చున్నాడు. బుల్లెమ్మ అన్నం పెడితే చెయ్యి కడుక్కోలేదు. చర్చి నుంచి తెల్లచీరలోనే ప్రసన్నకుమారి వచ్చింది. దారిలోనే సంగతి విన్నట్టుంది, నేరుగా దూలానికి రెండో కొసన కూర్చుంది. కూర్చోగానే చీర మేకుకి పట్టుకుంది.

"అయ్యో, మళ్ళీనా" అని బుల్లెమ్మ వచ్చి విడదీస్తూ, "చెప్పీ చెప్పీ నా నోరు పోయింది. మావయ్య గారు పోయాక ఈ మేకులతో ఎవరికేం పని?" అంది.

"మీ మావయ్య గారికి ఏం పని ఉండేది వీటితో?" అని టీచరమ్మ, మాట కలపడానికన్నట్టు అడిగింది.

"తాడు లాగేవారండి. నేను కాపురానికొచ్చిన కొత్తలో చూసేదాన్ని. అప్పుడు ఈ దూలం ఇంట్లో అడ్డంగా ఉండేది. ఈ మేక్కి తాడు కొస తగిలించి, ఆ మేకు దాకా లాగి, అక్కడ ముడేసేవారు. మళ్ళీ ఇక్కణ్ణుంచి అక్కడికి. సాగదీస్తున్నారు కాబోలనుకునేదాన్ని. ఈయన అప్పుడు దోనెల మీద రంగూనూ కొలంబూ తిరుగుతుండేవాడు కదా, ఎక్కడ చూసేడు?"

చిట్టియ్య తలెత్తాడు. తరవాత లేచి, పడవలోంచి తెచ్చి గోడ వార పడేసిన తడి తాడు తీసుకున్నాడు. మొదటి ముడి ఈ మేకు మీద పెట్టాడు. రెండో ముడి ఆ మేకు దాకా లాగాడు.

అందలేదు. జానెడు మీద రెండు వేళ్ళు తక్కువ.

ఇంకోసారి లాగాడు. అంతే తక్కువ.

"మా తాత ఆరడుగుల మనిషి" అన్నాడు చివరికి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "ఆ రోజుల్లో గుమ్మం వంగి దాటేవాడు. బారన్నర అన్నది ఆయన బార. ఈ మేకుకీ ఆ మేకుకీ మధ్య ఉన్నది ఆయన బార." రెండు చేతులూ చాపి చూసుకున్నాడు. "ఇది నా బార."

టీచరమ్మ నోటుబుక్కు తెరవబోయి మానేసింది. బుల్లెమ్మకి మాత్రం లెక్క కాస్త ఆలస్యంగా అందింది. అందగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయితే రెండేళ్ళుగా లోతైంది మొగ కాదన్నమాట" అంది కొంగులోంచి. "నువ్వు పొట్టయ్యేవన్నమాట."

ఆ మాటకి చిట్టియ్యకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఈ సంగతి తెలిసింది ముగ్గురికి. ముగ్గురూ ఊరుకుంటే, తుఫాను తవ్విన మొగ మళ్ళీ పూడిపోయిందని ఊరు అనుకుంటుంది. మూడు తరాల మాటకి మచ్చ రాదు. ఆ ఆలోచన ఆయనకి వచ్చింది. రాలేదంటే అబద్ధం. కాని మొగలో నిజంగా ఎంత నీరుందో చెప్పకపోతే, దోనెలోంచి ఎన్ని బస్తాలు దింపాలో ఎవడికి తెలుస్తుంది? ఆయన ఆ దూలాన్ని బుజానికెత్తబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. బుల్లెమ్మ రెండో కొస పట్టింది. మధ్యలో టీచరమ్మ చెయ్యేసింది. ముగ్గురూ దూలం మోసుకుని బజారు మీదుగా దోనెల కొట్టం దాకా నడిచారు.

అక్కడ దొరబాబు, సరంగు, వడ్రంగులు, టీ కొట్టు జనం అంతా ఉన్నారు. చిట్టియ్య దూలం దింపించి, అందరి ముందూ తాడు లాగి చూపించాడు.

"తప్పు తుఫానుది కాదు రా దొరబాబూ. నా చేతులది. నీళ్ళు నేను చెప్పినదానికన్నా అడుగుంపావు తక్కువున్నాయి. బస్తాలన్నీ దింపించాలి. రేపంతా దింపితే విదియ పోటుకి తేలుతుంది."

వలలవాళ్ళలో ఒకడు, రెండేళ్ళ కిందట గుండు ముందు నోరు మూసుకున్నవాడు, "మరి మా కళ్ళ మాటేంటి బాబాయ్?" అన్నాడు.

"నీ కళ్ళే నయం రా. ఒప్పుకున్నా."

దొరబాబు దూలం చుట్టూ ఒకసారి తిరిగి మేకులు వేలితో తడిమాడు. "ఏంటి బాబాయ్ ఇది, నా దోనె ఆగింది ఇసుక మీద అనుకుంటున్నా ఇందాకట్నుంచి. నీ మోచేతుల మీదా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. దొరబాబు కూడా నవ్వాడు. పొద్దుట్నుంచి అతను నోరు విప్పడం అదే. ఆ తరవాత పంచె ఎగ్గట్టి, "నాటు పడవలెన్నున్నాయి?" అని అడిగాడు.

సోమవారం పొద్దున్నించి దీపాల వేళ దాకా దింపారు. నాలుగు రోజుల చాకిరీ తప్పించుకుందామనుకున్నవాళ్ళు, ఒక్క రోజులో ఒరిగిన దోనెలోంచి బస్తాలు పైకి లాగి పడవల్లోకి వేశారు. చిట్టియ్య తాడు ముడులన్నీ విప్పేసి, దూలం మీద మళ్ళీ వేసుకున్నాడు. పాటు వేళ మొగంతా తిరిగి సబ్బు గుండు వేశాడు. దోనెకి ఎడమ పక్క ఇరవై గజాల దూరంలో మెత్తటి ఒండ్రు తగిలింది. అటు జరిపితే చాలు, బయటపడినట్టే.

మంగళవారం విదియ. టీచరమ్మ సెలవు పెట్టి వచ్చింది. పదిన్నరకి పోటు నిండింది. దోనె నిటారుగా లేచింది. చిట్టియ్య గుండు వేసి చూశాడు. తాత బారతో బారా పావు. ఖాళీ దోనెకి సరిపోవాలి. ఇంజను బోట్లు లాగాయి. దోనె కదల్లేదు. మళ్ళీ లాగాయి. రెండు రోజులు కూర్చున్నచోట ఇసుక దాని అడుగుని పీల్చి పట్టుకుంది. నీళ్ళున్నాయి, దోనె తేలికగా ఉంది, అయినా అడుగు ఊడి రావడం లేదు.

సరంగు ఆకాశం వైపు చూశాడు. అరగంటలో పోటు తిరుగుతుంది.

చిట్టియ్య గుండు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కాళ్ళు బురదలో దిగబడితే మనిషేం చేస్తాడు? ఒక కాలు, ఇంకో కాలు, అటూ ఇటూ ఊగి వదులు చేసుకుంటాడు. ఆ ఆలోచన వెనకాలే ఇంకొకటి వచ్చింది. తల తిప్పి పక్క పడవలో ఉన్న ప్రసన్నకుమారి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే నోటుబుక్కులో పాత పేజీ తీసి, ప్రశ్నార్థకం మీద వేలు పెట్టి, ఆయన వైపే చూస్తోంది.

"టీచరమ్మ గారూ" అన్నాడు చిట్టియ్య. "వాళ్ళు కల్లు తాగలేదండి."

"లేదు" అందావిడ.

తరవాతి మాట తాళ్ళరేవు దాకా వినపడింది. "ఒరే, పడవల్లో ఉన్నవాళ్ళంతా దోనె ఎక్కండి. ఆడా మగా అందరూ. డప్పు ఎవరి దగ్గరుంది?"

డప్పు సాగనంపుడు కోసం తెచ్చిందే ఉంది. ఎనభై తొంభై మంది ఎక్కారు. ఎందుకో తెలీకుండానే ఎక్కారు, చిట్టియ్య గొంతు అలాంటిది. ఆయన తెరచాప కొయ్య మొదట్లో నిలబడి, "డప్పు దెబ్బకి అందరూ కుడిపక్కకి. రెండో దెబ్బకి ఎడంపక్కకి. నడవడం కాదు, పరిగెత్తాలి" అన్నాడు.

మొదటి దెబ్బకి సగం మంది అటు పరిగెత్తారు, సగం మంది ఇటు. మధ్యలో గుద్దుకున్నారు. దొరబాబు మీద బుల్లెమ్మ పడింది. రెండోసారి కాస్త కుదిరింది. మూడోసారి అందరూ ఒక్క అడుగు మీద పరిగెత్తారు. సరంగు కొత్త పంచె ఊడితే చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. వడ్రంగులు, వలలవాళ్ళు, సారె తెచ్చిన ముత్తైదువలు, నోటుబుక్కు గుండెకి హత్తుకుని టీచరమ్మ. దోనె మూలిగింది. ఇటు కొద్దిగా ఒరిగింది. అటు కొద్దిగా ఒరిగింది. ఎనిమిదో దెబ్బకో తొమ్మిదో దెబ్బకో అడుగునుంచి సీసా మూత ఊడినట్టు చప్పుడొచ్చి, గోధుమరంగు నీళ్ళు బుడగలతో పైకి లేచాయి.

"లాగండి" అని కేకేశాడు చిట్టియ్య.

సీతారామలక్ష్మి ఎడమ పక్కకి జరిగి, ఒండ్రు మీదుగా, మేట దాటి, బేలోకి వెళ్ళింది. అక్కడ నీళ్ళు ఆయన చెప్పినట్టే పళ్ళెంలో పోసినట్టున్నాయి. జనం మాత్రం డప్పు ఆపినా ఇంకో రెండుసార్లు అటూ ఇటూ పరిగెత్తారు. బాగుందట.

ఆ శనివారం ప్రసన్నకుమారి మామూలుగానే వచ్చింది. దూలం మళ్ళీ వాకిట్లోకి వచ్చింది. ఈసారి ఆవిడ మేకులు చూసుకుని కూర్చుంది. స్కూలు టేపు తెచ్చి రెండు మేకుల మధ్యా కొలిచింది. ఆరడుగుల అరంగుళం. అది రాసుకుని, పేజీలు వెనక్కి తిప్పి, తుఫాను తరవాత మొగ లోతు పెరిగిందన్న వాక్యం మీద కొట్టివేత గీత గీయబోయింది.

"కొట్టెయ్యకండి" అన్నాడు చిట్టియ్య. "పక్కన రాయండి, పొట్టి చిట్టియ్య చేతులతో కొలిచినది అని. రేపెవరైనా చదివితే వాళ్ళ చేతులు చూసుకుంటారు."

ఆవిడ అలాగే రాసింది. ప్రశ్నార్థకాన్ని మాత్రం కొట్టేసింది. రెండేళ్ళుగా లోతుగా ఉన్న కోరంగి మొగ, ఆ సాయంత్రం నోటుబుక్కులో మళ్ళీ మామూలు లోతుకి వచ్చింది.

బుల్లెమ్మ టీ గ్లాసులు తెచ్చి దూలం మీద పెట్టింది. మేకుల వైపు చూసి, గూట్లోంచి రెండు పాత గుడ్డ పీలికలు తెచ్చి వాటి నెత్తిన చుట్టింది.

"పీకిస్తానన్నావుగా" అంది మొగుడితో.

"అదొక్కటి నిలబెట్టుకోకపోవడమే మంచిదైందే" అన్నాడు చిట్టియ్య, టీ ఊదుకుంటూ.